డై ఎక్కించాక నాలుగు గంటలు ఎందుకు ఆగాలి? లోపలి చెవి ఎంఆర్ఐ గురించి

ముందు మీ ప్రశ్నని నాకు అర్థమైనట్టు ఒకసారి చెప్తాను. అమ్మగారికి 54 ఏళ్ళు. ఏడాదిలో నాలుగుసార్లు ఉన్నట్టుండి ఇల్లంతా గిరగిరా తిరిగినట్టై, వాంతులై, రెండు మూడు గంటలు మంచం దిగలేకపోయారు. ఎడమ చెవిలో హోరు, దిబ్బడ. ఆ చెవికి ఫోను పెట్టుకుంటే మాట తెలియడం లేదు. షుగర్ ఉంది, కిడ్నీల కోసం చేసే రక్తపరీక్షలో క్రియాటినిన్ 1.3. మొదటిసారి వచ్చినప్పుడు తీసిన బ్రెయిన్ ఎంఆర్ఐ నార్మల్. ఇప్పుడు ఈఎన్‌టీ డాక్టరుగారు ‘కాంట్రాస్ట్‌తో ఇన్నర్ ఇయర్ ఎంఆర్ఐ, నాలుగు గంటల డిలే’ అని రాశారు. మీ ఊళ్ళో స్కానింగ్ సెంటర్ వాళ్ళు ‘అంతసేపు అక్కర్లేదు, డై ఎక్కించి వెంటనే తీసేస్తాం’ అన్నారు. ఎవరి మాట వినాలి, డై వల్ల కిడ్నీలు పాడవుతాయా, ఒకసారి నార్మల్ వచ్చాక మళ్ళీ స్కాన్ ఎందుకు అని మీరు అడిగారు.

నేను రేడియాలజిస్టుని. తల, మెడ, చెవి స్కాన్లు చదవడమే నా రోజువారీ పని. మీ డాక్టరుగారి మాటే వినండి. ఆ నాలుగు గంటలు ఆగకపోతే ఆయన అడిగిన స్కాన్ తీయించుకోనట్టే లెక్క.

పాత స్కాన్ సంగతి ముందు తేల్చేద్దాం. ఎంఆర్ఐ తలని ముక్కలుగా కోసినట్టు ఫోటోలు తీస్తుంది. మామూలు బ్రెయిన్ ఎంఆర్ఐలో ఒక్కో ముక్క దాదాపు 5 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. లోపలి చెవిలో బ్యాలెన్స్ చూసే గది, వెస్టిబ్యూల్ అంటారు, మొత్తం కలిపి పెసరగింజంత. ఆ గింజంతా ఒక్క ముక్కలోనే ఇరుక్కుపోతే అందులో ఏం కనిపిస్తుంది? ఆ స్కాన్ అబద్ధం చెప్పలేదు. మెదడులో స్ట్రోక్ లేదు, గడ్డ లేదు అని చెప్పింది. ఆ రోజు కావలసింది అదే. చెవి లోపల ఏముందని దాన్ని ఎవరూ అడగలేదు. చెవి కోసం తీసేటప్పుడు ముక్క మందం ఒక మిల్లీమీటరు లోపే ఉంటుంది.

ఇక అసలు విషయం. లోపలి చెవిని సైకిల్ చక్రంలా ఊహించుకోండి. బయట టైరు, లోపల ట్యూబు. ఇక్కడ టైరు ఎముక. దాని లోపల పల్చటి పొరతో చేసిన ట్యూబు ఉంటుంది. ట్యూబు లోపల ఒక ద్రవం, ట్యూబుకీ టైరుకీ మధ్య ఇంకో ద్రవం. లోపలిది ఎండోలింఫ్, బయటిది పెరిలింఫ్. స్కూలు పుస్తకాల్లో అంతరలసిక, పరలసిక అని చదివే ఉంటారు. లోపలి దాంట్లో పొటాషియం ఎక్కువ, బయటి దాంట్లో సోడియం ఎక్కువ. ఆ తేడా మీదే వినికిడి కణాలు పనిచేస్తాయి. అమ్మగారికి మీ డాక్టరుగారు అనుమానిస్తున్నది బహుశా మెనియర్స్ అనే జబ్బు. అందులో ఆ లోపలి ట్యూబు ఉబ్బుతుంది. దాన్నే హైడ్రాప్స్ అంటాం. ట్యూబు ఉబ్బేకొద్దీ టైరుకీ దానికీ మధ్య సందు తగ్గిపోతుంది.

ఈ జబ్బుకి పేరిచ్చిన ప్రాస్పర్ మెనియర్ పారిస్ డాక్టరు. ఇలా తిరగడం మెదడుకి రక్తం పొంగడం వల్ల కాదు, లోపలి చెవి నుంచీ రావచ్చు అని ఆయన 1861లో చెప్పాడు. అప్పటిదాకా ఇలాంటి అటాక్ వస్తే మెదడు జబ్బనుకుని నెత్తురు తీసేవాళ్ళు. ట్యూబు ఉబ్బుతుందన్న సంగతి 1938లో తేలింది. లండన్‌లో హాల్‌పైక్, కెయిర్న్స్ ఒకవైపు, జపాన్‌లో యమకావా ఇంకోవైపు, చనిపోయినవాళ్ళ చెవి ఎముకల్ని పల్చగా కోసి మైక్రోస్కోపు కింద చూశారు. ఆ తర్వాత దాదాపు 70 ఏళ్ళపాటు హైడ్రాప్స్‌ని కళ్ళతో చూడాలంటే మనిషి పోయాకే. బతికున్న మనిషిలో దాన్ని ఫోటో తీసింది 2007లో, జపాన్‌లోని నగోయా యూనివర్సిటీలో నకషిమా, నగనావాల బృందం. గాడోలినియం డైని ఎనిమిదో వంతుకి పల్చన చేసి, కర్ణభేరిలోంచి సూదితో మధ్య చెవిలోకి ఎక్కించి, 24 గంటల తర్వాత స్కాన్ తీశారు. ఫోటో బాగానే వచ్చింది గానీ చెవిలో సూది పొడిపించుకోవాలి, పైగా ఒక్క చెవే కనిపిస్తుంది. 2010కల్లా వాళ్ళే దారి మార్చారు. డైని మామూలుగా చేతి నరానికే ఎక్కించి, నాలుగు గంటలు ఆగి తీశారు. రెండు చెవులూ ఒకేసారి కనిపించాయి. అమ్మగారికి రాసింది ఆ పద్ధతే.

నాలుగు గంటలే ఎందుకు? నరానికి ఎక్కించిన డై నిమిషంలో ఒళ్ళంతా పాకుతుంది. కానీ మెదడుకి ఉన్నట్టే లోపలి చెవికి కూడా రక్తం నుంచి ఏది పడితే అది రానివ్వని అడ్డుగోడ ఉంది. ఆ గోడ దాటి డై పెరిలింఫ్‌లోకి, అంటే టైరుకీ ట్యూబుకీ మధ్య సందులోకి, బొట్టుబొట్టుగా ఊరుతుంది. అది సరిపడా చేరడానికి దాదాపు నాలుగు గంటలు పడుతుంది. ట్యూబు లోపలికి మాత్రం పోదు. కాబట్టి నాలుగు గంటలకి సందు తెల్లగా మెరుస్తుంది, ట్యూబు నల్లగా ఉండిపోతుంది. ఆ నలుపు ఎంత ఉందో చూసి ట్యూబు ఎంత ఉబ్బిందో చెప్తాం. అప్పటికి కూడా చేరే డై చాలా తక్కువ. డై ఎక్కించాక మామూలుగా తీసే టి1 అనే రకం ఫోటోలో అంత కొంచెం తెలియదు. అందుకే త్రీడీ ఫ్లెయిర్ అనే పద్ధతి వాడతాం. అది నీటిని నల్లగా చూపిస్తుంది, కానీ ఆ నీటిలో ఏ కాస్త గాడోలినియం కలిసినా ఇట్టే పట్టేస్తుంది.

వెంటనే తీస్తే ఏమవుతుందో నా పొరపాటే చెప్తాను. చాలా ఏళ్ళ కిందట, సాయంత్రం వేళ, ఒకాయనకి చివరి బస్సు తప్పిపోతుందని తొందర. టెక్నీషియన్ నాకు ఫోన్ చేసి ‘సార్, గంటన్నర అయింది, తీసెయ్యమంటారా’ అని అడిగాడు. పాపం పెద్దాయన అని సరే అన్నాను. ఫోటోలు అరకొర తెలుపుతో, మసక మసకగా వచ్చాయి. రెండు వైపులా ఒకేలా ఉన్నాయి కదా అని ‘హైడ్రాప్స్ కనబడటం లేదు’ అని రాసి పంపాను. ఆరు నెలలయ్యాక అదే మనిషికి ఇంకోచోట సరిగ్గా నాలుగు గంటలకి తీసిన స్కాన్ నా దగ్గరికి ఒపీనియన్‌కి వచ్చింది. కుడి చెవిలో వెస్టిబ్యూల్ మొత్తం నల్లగా నిండిపోయి ఉంది. నేను రాయాల్సింది ‘లేదు’ అని కాదు, ‘ఈ ఫోటోల్లో తేల్చలేం’ అని. ఆ ఆరు నెలలూ ఆయన మెడ అరుగుదల అనుకుని కాలరు పెట్టుకు తిరిగాడట. అప్పటినుంచి మా టెక్నీషియన్లు ఎవరు బతిమాలినా ఒప్పుకోరు. డై వేశాక నాలుగున్నర గంటలైనా ఫర్వాలేదు గానీ మూడు గంటలకే మాత్రం తీయం.

అలాగని వెంటనే తీసే స్కాన్ దండగ అని అనుకోకండి. అది వేరే ప్రశ్నకి జవాబు. వినికిడి నరం మీద వచ్చే గడ్డ, వెస్టిబ్యులార్ ష్వానోమా అంటారు, డై ఎక్కగానే నిమిషాల్లో మెరుస్తుంది. ఒక్క చెవిలోనే హోరు, ఒక్క చెవికే వినికిడి తగ్గడం అన్నప్పుడు ముందు దాన్ని కాదనుకోవాలి. నిజానికి ఆ గడ్డని కనిపెట్టడానికి డై లేకుండా, నీరు తెల్లగా కనిపించే టి2 అనే రకంలో తీసే సన్నని ముక్కలే చాలాసార్లు సరిపోతాయి. తెల్లటి నీటిలో నల్లటి గింజలా తేలుతుంది. లోపలి చెవికి ఇన్ఫెక్షన్ వచ్చినా, ముఖానికి పక్షవాతం వచ్చినప్పుడు ముఖనరం వాచినా డై ఎక్కించి వెంటనే తీసేదే కావాలి. మెదడుపొర వాపు వచ్చి చెవుడు వచ్చిన పిల్లల్లో అయితే మరీ తొందర. లోపలి చెవిలో ఎముక పెరిగి పూడుకుపోయేలోపు కాక్లియర్ ఇంప్లాంట్, అంటే వినికిడి కోసం ఆపరేషన్ చేసి లోపల అమర్చే పరికరం, పెట్టాలి కాబట్టి. మీ ఊరి సెంటర్ వాళ్ళు బహుశా ఈ రకం స్కాన్లే తీస్తుంటారు. వాళ్ళ మాట అబద్ధం కాదు, అమ్మగారి అవసరం అది కాదు, అంతే.

స్కాన్ ఎలా ఉంటుందో కూడా చెప్తాను, రిపోర్టు చదివేటప్పుడు మీకే పనికొస్తుంది. వెస్టిబ్యూల్ ఫోటోలో ఒక తెల్లటి చిన్న గుండ్రం, దాంట్లో రెండు నల్ల చుక్కలు కనబడాలి. ముందున్న చిన్నది సాక్యూల్, వెనకున్న పెద్దది యూట్రికిల్. ఎప్పుడూ ముందుది చిన్నదిగా, వెనకది పెద్దదిగా ఉండాలి. హైడ్రాప్స్ మొదలైతే చాలామందిలో మొదట పెరిగేది ఆ చిన్న చుక్కే. పక్కదానితో సమానమవుతుంది, తర్వాత దాన్ని మించిపోతుంది. ఇంకా ముదిరితే రెండూ కలిసి ఒకే నల్ల మచ్చ అవుతాయి. చుట్టూ గాజు అంచులా సన్నటి తెల్లగీత మిగులుతుంది. చివరికి అదీ పోతుంది. పక్కనే నత్తగుల్ల ఆకారంలో కాక్లియా ఉంటుంది. రెండున్నర చుట్ల తెల్లటి పట్టీ అది. ట్యూబు ఉబ్బితే ఆ పట్టీలో నల్లపూసలు గుచ్చినట్టు కనిపిస్తుంది. ఇంకో చిన్న గుర్తు: జబ్బు చెవిలో గోడ బలహీనపడి డై ఎక్కువ ఊరుతుంది. అందుకని ఆ వైపు తెలుపు రెండోవైపు కంటే కొంచెం ఎక్కువ మెరుస్తుంది. నేను ఫోటో తెరవగానే మొదట చూసేది ఆ తేడానే.

ఒక చిక్కు కూడా ఉంది. ఈ ఫోటోలో ఎముకా నలుపే, ట్యూబూ నలుపే. ఎక్కడ ఏది ఆగిందో తెలియాలంటే అదే సమయంలో, అదే కోణంలో నీరంతా తెల్లగా కనిపించే టి2 ఫోటో ఒకటి పక్కన పెట్టుకోవాలి. అది తీయకుండా ఫ్లెయిర్ ఒక్కటే పంపితే ఎంత అనుభవం ఉన్నా తడబడతాం. బుక్ చేసేటప్పుడే ‘హైడ్రాప్స్ ప్రోటోకాల్ చేస్తారా, మెషిన్ 3 టెస్లానా’ అని అడగండి. టెస్లా అంటే మెషిన్ అయస్కాంతం బలానికి కొలత. 1.5 టెస్లా మీద అసాధ్యం అనను, కానీ పెసరగింజలో చుక్కలు లెక్కపెట్టే పనికి 3 టెస్లానే నమ్ముతాను. ‘హైడ్రాప్స్ అంటే ఏంటండీ’ అని వాళ్ళే ఎదురడిగితే ఇంకోచోటు చూసుకోండి.

కిడ్నీల భయం మీ ఒక్కరిదే కాదు. సీటీ స్కాన్‌లో వాడే అయోడిన్ డై వేరు, ఎంఆర్ఐలో వాడే గాడోలినియం వేరు. రెంటినీ ‘డై’ అనేస్తాం కాబట్టి ఒకదాని పేరు ఇంకోదానికి అంటుకుంది. గాడోలినియంతో వచ్చిన గొడవ ఏమిటంటే, కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్ళలో పాత రకం డైల వల్ల చర్మం, కీళ్ళు గట్టిపడే ఎన్ఎస్ఎఫ్ అనే జబ్బు వచ్చింది. ఆ సంబంధం 2006లో బయటపడింది. ఆ తర్వాత 2014లో జపాన్ డాక్టర్లు ఇంకోటి గమనించారు. పదేపదే డై తీసుకున్నవాళ్ళ మెదడులో గాడోలినియం కొంచెం మిగిలిపోతోంది. దానివల్ల హాని జరిగిందని ఇప్పటిదాకా రుజువు కాలేదు. అయినా యూరప్ ఔషధ సంస్థ 2017లో ముందుజాగ్రత్తగా పాత రకం డైలు చాలావాటిని ఆపమంది. ఇప్పుడు మంచి సెంటర్లలో వాడేవి గాడోటెరేట్, గాడోబ్యుట్రాల్ లాంటివి. వీటిలో గాడోలినియం బోనులో పెట్టినట్టు బిగించి ఉంటుంది, అంత తేలిగ్గా ఊడిరాదు.

అమ్మగారి లెక్క చూద్దాం. 54 ఏళ్ళ ఆడమనిషికి క్రియాటినిన్ 1.3 అంటే ఈజీఎఫ్ఆర్, అంటే కిడ్నీలు ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే అంకె, 50కి కాస్త అటూఇటూ. మేం జాగ్రత్తపడేది 30 కంటే తగ్గినప్పుడు, లేదా కిడ్నీ ఉన్నట్టుండి దెబ్బతిన్నప్పుడు. కాబట్టి ఒక్క మామూలు డోసుకి భయపడనక్కర్లేదు. డోసు బరువుని బట్టి ఇస్తారు. 60 కిలోల మనిషికి గాడోటెరేట్ అయితే 12 మిల్లీలీటర్లు, గాడోబ్యుట్రాల్ అయితే 6. ఎవరైనా డబుల్ డోసు అంటే ఎందుకని అడగండి. 3 టెస్లా మెషిన్ మీద ఒక్క డోసు సరిపోతుంది. క్రియాటినిన్ రిపోర్టు కొత్తది తీసుకెళ్ళండి, ఆరు నెలల కిందటిది వద్దు. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడుతుంటే ఈ డై కోసం మానక్కర్లేదు. అది కూడా సీటీ డై గురించి చెప్పే జాగ్రత్తే. ఇదివరకు ఎంఆర్ఐ డైతో ఒళ్ళు దద్దుర్లెక్కడం, ఆయాసం రావడం లాంటివి జరిగి ఉంటే మాత్రం సూది వేయకముందే చెప్పాలి.

ఆ రోజు పరగడుపున వెళ్ళకండి. షుగర్ ఉన్న మనిషి, నాలుగు గంటలు ఆగాలి. టిఫిన్ చేసి, మాత్రలు వేసుకుని వెళ్ళాలి. పొద్దున తొమ్మిదింటికి డై వేయించుకుంటే ఒంటిగంటకి స్కాన్. మధ్యలో బయటికెళ్ళి భోజనం చేసి రావచ్చు. మెడలో పుస్తెలతాడు తీయనని చాలామంది పెద్దవాళ్ళు పట్టుబడతారు. బంగారాన్ని అయస్కాంతం లాగదు, నిజమే. కానీ గొలుసు కొక్కెంలో, పిన్నీసులో ఏ లోహం ఉందో ఎవరికి తెలుసు? ఫోటో పాడవ్వచ్చు, వేడెక్కవచ్చు. పసుపుతాడు కట్టుకుని వస్తే ఆవిడకీ మాకూ ఇబ్బంది ఉండదు. చెవి మిషన్ ఉంటే గది బయటే తీసేయాలి, లోపలికెళ్తే పాడైపోతుంది. మెషిన్ శబ్దం చాలా ఎక్కువ. హోరు ఉన్నవాళ్ళకి ఇంకా టెన్షన్. చెవుల్లో ప్లగ్గులు పెట్టి, పైన హెడ్‌ఫోన్ పెట్టమనండి. చేతికి ఒక రబ్బరు బల్బు ఇస్తారు, నొక్కితే ఆపేస్తారు. ఇది ముందే చెప్తే సగం భయం పోతుంది. అటాక్ వచ్చిన రోజే తీయించాలన్న నియమం ఏమీ లేదు. మధ్యలో బాగున్న రోజుల్లో కూడా ఉబ్బు కనిపిస్తుంది. వాంతులతో ఉన్న మనిషిని అరగంట కదలకుండా పడుకోబెట్టడం మాకూ శిక్షే.

ఇప్పుడు కష్టమైన ప్రశ్న: రిపోర్టు వస్తే ఏం మారుతుంది? మెనియర్స్ అని తేల్చేది స్కాన్ కాదు. తల తిరిగే జబ్బుల మీద పనిచేసే అంతర్జాతీయ సంఘం బరానీ సొసైటీ వాళ్ళు 2015లో ఇచ్చిన నియమాల్లో ఎంఆర్ఐలో ఉబ్బు కనబడాలన్న షరతు లేదు. వాళ్ళు అడిగేవి ఇవి: 20 నిమిషాల నుంచి 12 గంటల దాకా ఉండే అటాకులు కనీసం రెండు, ఆ చెవిలో తక్కువ శృతి శబ్దాలకి వినికిడి తగ్గిందని ఆడియోగ్రామ్ అనే వినికిడి పరీక్షలో రుజువు, వచ్చిపోయే హోరు లేదా దిబ్బడ లాంటి చెవి లక్షణాలు, ఇంకే జబ్బూ దీనికి సరిపడకపోవడం. అమ్మగారి కథ దానికి దగ్గరగా ఉంది. మీరు ఆడియోగ్రామ్ ఊసే ఎత్తలేదు. తీయించకపోతే ముందు అది తీయించండి, ఖర్చు కూడా తక్కువ. ఆడియోగ్రామ్ లేకుండా ఈ స్కాన్‌కి పంపితే నాకు విసుగే.

మరి స్కాన్ ఎక్కడ పనికొస్తుందంటే, కథ అటూఇటూగా ఉన్నప్పుడు. మైగ్రేన్ వల్ల కూడా గంటల తరబడి తల తిరుగుతుంది, చెవి దిబ్బడ కూడా పడుతుంది. రెంటికీ మందులు వేరు. ఆ రకం పేషెంట్లలో చెవి స్కాన్ మామూలుగా ఉంటే డాక్టరు మైగ్రేన్ వైపు మొగ్గుతారు. ఇంకో ముఖ్యమైన సందర్భం, మందులకి లొంగక చెవిలోకి జెంటమైసిన్ సూది వేయాలనుకున్నప్పుడు. ఆ మందు ఆ చెవి బ్యాలెన్స్‌ని కావాలని చంపేస్తుంది. అలాంటి పని చేసేముందు రెండో చెవి కూడా ఉబ్బి ఉందేమో చూడకపోతే ఎలా? పేషెంటు ఎడమ చెవి గురించే చెప్తారు, స్కాన్‌లో కుడి చెవి కూడా మొదలై ఉండటం నేను చూశాను. అప్పుడు డాక్టరు తొందరపడరు. అయితే అసలు లక్షణాలే లేనివాళ్ళలో కూడా కొందరికి కొంచెం ఉబ్బు కనిపిస్తుంది. అందుకని ‘స్వల్ప హైడ్రాప్స్’ అని రిపోర్టులో చూసి నెట్‌లో వెతికి కంగారుపడకండి.

ఈ జవాబు చదివే మిగతావాళ్ళకి ఒక మాట. పక్క మీద ఒత్తిగిలగానే, పైకి చూడగానే అర నిమిషం తిరిగి ఆగిపోతుంటే అది వేరే జబ్బు, చెవిలో సున్నపు రవ్వలు జారడం. దానికి స్కానే వద్దు. తల తిప్పి చేసే ఎప్లీ పద్ధతితో డాక్టరు గదిలోనే చాలామందికి తగ్గిపోతుంది. తిరగడంతోపాటు మూతి వంకరపోయినా, మాట ముద్దగా వచ్చినా, ఒకటి రెండుగా కనిపించినా, నిలబడలేకపోయినా చెవి స్కాన్ల గురించి ఆలోచించకుండా ఎమర్జెన్సీకి పరుగెత్తాలి.

చివరగా, స్కాన్ అయ్యాక వాళ్ళిచ్చే పెద్ద ఫిల్ముతో సరిపెట్టుకోకండి. ఒక్కో ఫిల్ము మీద ఇరవై ఫోటోలు కుక్కుతారు, అందులో ఆ నల్లచుక్కలు ఎవరికీ కనబడవు. సీడీ గానీ పెన్‌డ్రైవ్ గానీ అడిగి తీసుకోండి. ఏ టైముకి డై వేశారో, ఏ టైముకి స్కాన్ మొదలుపెట్టారో రిపోర్టులో రాయమనండి. వేరే డాక్టరు చూసినా ముందు అడిగేది అదే.